మాస్టర్ ప్లాన్ మీద అర్జీ పెట్టాం: భీమిలి తీరంలో నా అనుభవం

భీమిలి దాటాక తీరం వెంబడి ఊళ్లలో భూమి ఊసెత్తితే చాలు, మాట భోగాపురం విమానాశ్రయం దగ్గరికి వెళ్లి ఆగుతుంది. అందుకే ఏ భూమి దేనికి వాడాలో, రోడ్లు ఎటు పోవాలో రంగుల పటంలో గీసే మాస్టర్ ప్లాన్ ముసాయిదా రాగానే మా ఊరు రెండుగా చీలింది. మా చిన్నాన్న జీడితోట ఆకుపచ్చ రంగులో, అంటే వ్యవసాయ జోన్‌లో పడింది. పక్క సర్వే నంబరు పసుపు, నివాస జోన్. "గట్టు అవతలోడికి లేఅవుట్టూ, నాకు జీడిపిక్కలూనా?" అని ఆయన గోల. రేవు వాళ్ల బాధ వేరు. తీరం పక్కన గీసిన కొత్త రోడ్డు వాళ్లు వలలు ఆరేసుకునే, నెత్తళ్లు ఎండబెట్టుకునే దిబ్బ మీదుగా పోతోంది. కాగితం పని తెలిసినవాణ్ణని రెండు అర్జీలూ నా నెత్తిన పడ్డాయి.

పటం చూడటమే పెద్ద పని. ఫోన్లో వచ్చిన ఫైలును పెద్దది చేస్తే సర్వే నంబర్లు అలికినట్టయిపోతాయి. ఇంజనీరింగ్ చదువుతున్న మా బావగారి అబ్బాయి దాన్ని ఉపగ్రహ చిత్రం మీద పరిచి చూపించాక గానీ గీత ఎవరి గోడ మీదుగా పోతోందో తేలలేదు. తేలింది ఇంకొకటి: ఆ దిబ్బ పటంలో ఖాళీ జాగా. దానికి పట్టా లేదు, పంట లేదు, ఇల్లు లేదు. దగ్గర్లోని ఎర్రమట్టి దిబ్బలంటే భౌగోళిక వారసత్వ సంపదగా గుర్తింపు వచ్చింది. చేపలు ఎండే దిబ్బను పట్టించుకునేదెవరు?

"మా జీవనాధారం పోతుంది" అని రాస్తే ఆఫీసులో అలాంటివి కట్టలకొద్దీ ఉంటాయి. తీరం పక్కన ఏం కట్టొచ్చో, ఏం కట్టకూడదో చెప్పే 2011 నాటి తీర నియంత్రణ నోటిఫికేషన్ ఇక్కడ పనికొచ్చింది. మత్స్యకార గ్రామాల ఉమ్మడి స్థలాలను, చేపలు ఎండబెట్టే చోట్లను సర్వే నంబర్లతో ఉండే స్థానిక పటాల్లో చూపించాలని అందులో ఉంది. అది పట్టుకుని దిబ్బ హద్దులు రాశాం. అలివి వల సంగతి కూడా కలిపాం. ఆ వల లాగాలంటే రెండు జట్లు ఒడ్డున దూరదూరంగా నిలబడి, తాళ్లు లాగుతూ మెల్లగా దగ్గరవ్వాలి. మధ్యలో ఒక్క ప్రహరీ లేస్తే వల లేదు, వాటా లేదు. ఫొటో ఒకటి అంటించాం. నా రాతకన్నా అదే బాగా పనిచేసిందని నా అనుమానం.

గెడ్డ, అంటే మా ఊరి వాగు దగ్గర అసలు తగువు. భవన నిర్మాణ నిబంధనల ప్రకారం వాగు వెడల్పు 10 మీటర్లు దాటితే గట్టు నుంచి 9 మీటర్లు ఏమీ కట్టకుండా వదలాలి, 10 లోపైతే 2 మీటర్లు చాలు. వేసవిలో మా గెడ్డను పిల్లలు ఎగిరి దాటేస్తారు. వానాకాలంలో సరుగుడు తోట దాకా వస్తుంది. సర్వేయర్ నీళ్ల మీద టేపు పెట్టబోతే ఒక పెద్దాయన చెయ్యి పట్టుకుని, "నీళ్లు కాదు బాబూ, గట్టు నుంచి గట్టుకు కొలువు" అన్నాడు. తుప్పల్లోంచి టేపు లాగితే 10 దాటింది. ఆ 7 మీటర్ల తేడాయే కదా లేఅవుట్లో వరసలకు వరసలు ప్లాట్లు!

అర్జీ ఇచ్చిన చోటే నంబరు వేసిన రసీదు తీసుకున్నాం. విచారణలో మాకు దొరికింది నిమిషాల వ్యవధే. చిన్నాన్న తన జోన్ గురించి, రేవు పెద్దలు దిబ్బ గురించి మాట్లాడారు. ఒకే ఊరి నుంచి రెండు రకాల మాటలేమిటని అధికారి అడిగాడు. ఊరంటే అంతేగా మరి! మా ఊరికి మంచి రోడ్డు వద్దని ఎవరూ అనలేదు. కాన్పుకి భీమిలి ఆసుపత్రికి పరిగెత్తేది మేమే.

తుది పటంలో రోడ్డు వెడల్పు తగ్గలేదు గానీ దిబ్బ దగ్గర వంపు తిరిగి వెనక్కి జరిగింది. గెడ్డ నీలంగా కనపడుతోంది. రేవుకి వెళ్లే బండి దారి ఇప్పటికీ పటంలో లేదు, దానికి మళ్లీ అర్జీ పెట్టాలి. చిన్నాన్న తోట ఆకుపచ్చగానే మిగిలింది. భూ వినియోగ మార్పిడికి విడిగా దరఖాస్తు చేసుకోమన్నారు. ఆ ఫారం కూడా నేనే నింపుతున్నాను. తోటలో ఇళ్లు లేచాక మురుగు ఎక్కడికి పోతుందని నేనడిగితే, "గెడ్డ ఉంది కదరా!" అంటున్నాడు.