సిరప్‌తో తగ్గిన జ్వరం

"పాపకి ఒళ్ళు కాలిపోతోందమ్మా, వచ్చి తీసుకెళ్ళండి" అని డేకేర్ ఆయమ్మ ఫోన్. టైమ్ పదకొండున్నర.

వెళ్ళేసరికి చాప మీద ముడుచుకుని పడుకుంది. 101.8. పొద్దున ఏడింటికి పారాసెటమాల్ పట్టించి, ఒళ్ళు చల్లబడగానే తగ్గిందనుకుని దింపేశాను. ఆ మందు పనిచేసేది నాలుగు నుంచి ఆరు గంటలే కదా.

పక్కనే ఏడాది నిండని బాబు, మా పాప నోట్లో పెట్టుకున్న గిలక్కాయనే చప్పరిస్తున్నాడు. మనసు చివుక్కుమంది. వాళ్ళమ్మకీ నాలాగే ఆఫీసు ఉంటుంది.

మందు వేయకుండా 24 గంటలు జ్వరం రాకపోతేనే పంపమన్నారు డాక్టర్ గారు. ఉత్త జలుబై, హుషారుగా ఆడుకుంటుంటే పర్వాలేదట.

రేపటికి సెలవు పెట్టేశాను. ఇందాకే నాలుగు చెంచాల జావ తాగి, నా భుజం మీదే నిద్రపోయింది. ఊపిరి ఇంకా వెచ్చగానే తగులుతోంది.