51.89 శాతం ఏం చెప్పింది, ఏం చెప్పలేదు

2016 జూన్ 23న జరిగిన రెఫరెండంలో (ఒక ప్రశ్న మీద జనమే నేరుగా ఓటేసే పద్ధతి ఇది), యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ బయటికి రావాలన్నవాళ్లు 1,74,10,742 మంది. ఉండిపోవాలన్నవాళ్లు 1,61,41,241 మంది. తేడా 12,69,501. శాతాల్లో చెప్పాలంటే 51.89, 48.11. పోలింగ్ 72.2 శాతం. గొడవ ఈ అంకెల మీద కాదు, వాటికి అర్థం ఏమిటన్న దాని మీద. ఒకరు "జనం తీర్పు ఇచ్చేశారు, ఇక మాట్లాడొద్దు" అంటారు. ఇంకొకరు "మొత్తం ఓటర్లలో 37 శాతమే కదా, ఇదేం ప్రజాస్వామ్యం" అంటారు.

నన్నడిగితే ఇద్దరూ చూడాల్సిన చోట చూడటం లేదు. రెఫరెండం ఎంత ప్రజాస్వామికమో చాలావరకు పోలింగ్‌కు ముందే, దాన్ని జరిపే చట్టం రాసేటప్పుడే తేలిపోతుంది. ప్రశ్న ఎవరు రాశారు, ఓటు ఎవరికిచ్చారు, గెలుపు గీత ఎక్కడ గీశారు, గెలిస్తే ఏం జరుగుతుందో కాగితం మీద పెట్టారా లేదా? ఓట్ల లెక్కింపు వీటన్నిటి తర్వాతి పని.

ముందు ఆ 37 శాతం సంగతి చూద్దాం. జాబితాలో ఉన్న 4.65 కోట్ల మందిలో బయటికి రావాలన్నవాళ్లు 37.4 శాతమేనన్నది నిజమే. అదే లెక్కన ఉండిపోవాలన్నవాళ్లు 34.7 శాతమే. ఓటెయ్యని వాళ్లను తలా ఒకరు తమ గంపలో వేసుకుంటామంటే కుదరదు. ఈ లెక్క పెడితే మన లోక్‌సభ కూడా నిలవదు. 2009లో కాంగ్రెస్‌కు 206 సీట్లొచ్చింది పోలైన ఓట్లలో 28.5 శాతంతో. 2014లో బీజేపీకి 282 సీట్లొచ్చింది 31 శాతంతో. అయితే లోక్‌సభకు ఐదేళ్ల గడువుంది, నచ్చకపోతే మార్చుకోవచ్చు. రెఫరెండానికి అలాంటి గడువేమీ ఉండదు. ఐరోపా సభ్యత్వం మీద బ్రిటన్ 1975 జూన్ 5న ఓటేసింది, 67 శాతం ఉండిపోదామన్నారు. మళ్లీ ఆ ప్రశ్న అడగడానికి 41 ఏళ్లు పట్టింది. వెనక్కి తీసుకోలేని నిర్ణయానికి సగం కన్నా ఒక్క ఓటు ఎక్కువొస్తే చాలా అన్న సందేహం న్యాయమైనదే. చిక్కల్లా ఆ గీత ఎలా గీస్తారన్నదే.

తప్పుగా గీస్తే ఏమవుతుందో బ్రిటన్‌లోనే ఉదాహరణ ఉంది. 1979 మార్చి 1న స్కాట్లండ్‌కు సొంత శాసనసభ ఇవ్వాలా అని అడిగారు. లేబర్ ఎంపీ జార్జ్ కన్నింగ్‌హామ్ ఒక సవరణ పెట్టించాడు. "అవును" ఓట్లు మొత్తం ఓటర్లలో 40 శాతానికి చేరకపోతే చట్టాన్ని రద్దు చేసే ఉత్తర్వును పార్లమెంటు ముందు పెట్టాలి. పోలైన ఓట్లలో 51.6 శాతం అవునన్నారు. మొత్తం ఓటర్లలో అది 32.9 శాతం. అంతే, శాసనసభ 20 ఏళ్లు వెనక్కి పోయింది. ఈ పద్ధతిలో ఇంట్లో కూర్చున్న ప్రతివాడూ "వద్దు" అన్నట్టే లెక్క. జాబితాలో మిగిలిపోయిన చనిపోయినవాళ్ల పేర్లు, రెండు చిరునామాల్లో నమోదైన విద్యార్థుల పేర్లు లెక్కగట్టి తీసెయ్యకపోతే అవి కూడా "వద్దు" వైపే బరువు వేస్తాయి.

ఇంతమంది పోలింగ్‌కు రావాలి అనే కోరం షరతు ఇంకా విచిత్రం. 2016 ఏప్రిల్‌లో ఉక్రెయిన్‌తో ఒప్పందం మీద నెదర్లాండ్స్‌లో సలహా రెఫరెండం, అంటే ఫలితానికి ప్రభుత్వం కట్టుబడనక్కర్లేనిది, పెట్టారు. 30 శాతం పోలింగ్ దాటితేనే చెల్లుతుంది. వచ్చినవాళ్లు 32.28 శాతం. అందులో 61 శాతం వద్దన్నారు, 38 శాతం అవునన్నారు. ఇప్పుడు లెక్క కట్టండి. వద్దన్నవాళ్లు మొత్తం ఓటర్లలో 19.7 శాతమే, వాళ్లొక్కరే వస్తే రెఫరెండం చెల్లదు. అవునన్నవాళ్లు మరో 12 శాతం వచ్చి ఓటేశారు కాబట్టే చెల్లింది, చెల్లింది కాబట్టే వాళ్లు ఓడిపోయారు. వాళ్లలో ఐదుగురిలో ఒకరు ఇంట్లో కూర్చుని ఉంటే వాళ్ల పక్షానికే మేలు జరిగేది. ఓటెయ్యడం వల్ల నష్టపోయే పద్ధతిని ప్రజాస్వామ్యం అనడం నాకు కష్టం. 2018లో డచ్ పార్లమెంటు ఆ చట్టాన్నే ఎత్తేసింది. ఇటలీలో చట్టాల రద్దు రెఫరెండాలకు సగం మంది ఓటర్లు రావాలి. అక్కడ ఓడిపోతామనుకున్న పక్షం ప్రచారం చెయ్యదు, "ఆ రోజు ఇంట్లో ఉండండి" అంటుంది. అంతకన్నా చవకైన వ్యూహం లేదు.

వీటి కన్నా స్విస్ పద్ధతి నయం. రాజ్యాంగ సవరణకు మొత్తం దేశంలోనూ మెజారిటీ కావాలి, ఎక్కువ కాంటన్లలోనూ (అక్కడి రాష్ట్రాలు) మెజారిటీ కావాలి. రానివాళ్లను ఎవరి లెక్కలోనూ కలపరు. 2020 నవంబర్‌లో బహుళజాతి కంపెనీల బాధ్యత మీద వచ్చిన ప్రతిపాదనకు దేశం మొత్తం మీద 50.7 శాతం వచ్చినా కాంటన్లు కాదనడంతో వీగిపోయింది. ఇదే షరతు 2016లో బ్రిటన్‌లో పెట్టి ఉంటే? ఇంగ్లండ్‌లో 53.4 శాతం, వేల్స్‌లో 52.5 శాతం బయటికి రావాలన్నారు. స్కాట్లండ్‌లో 62 శాతం, ఉత్తర ఐర్లండ్‌లో 55.8 శాతం ఉండాలన్నారు. రెండు, రెండు. స్కాటిష్ నేషనల్ పార్టీ నాలుగు ప్రాంతాలూ ఒప్పుకోవాలన్న షరతు 2015లోనే అడిగింది, పార్లమెంటు ఒప్పుకోలేదు. జనాభాలో 84 శాతం ఒక్క ఇంగ్లండ్‌లోనే ఉన్నప్పుడు నాలుగింటినీ సమానంగా చూడటం సబబా అన్న వాదన కూడా బలమైనదే. దీనికి లెక్కల్లో జవాబు దొరకదు. కానీ తేల్చుకోవాల్సింది ఫలితం చూశాక కాదు, ముందే.

ఇక ప్రశ్న. బ్రిటన్ 2016 రెఫరెండం బిల్లులో మొదట ఉన్నది "సభ్యదేశంగా కొనసాగాలా?" అనే ఒకవైపు ప్రశ్న, జవాబు అవును లేదా కాదు. అది ఒక పక్షానికి అనుకూలంగా కనిపిస్తుందని ఎన్నికల కమిషన్ చెప్పడంతో "కొనసాగాలా, వైదొలగాలా" అని రెండు వైపులా చేర్చారు. మాటల వరకు మంచి మార్పే. దోషం మాటల్లో లేదు, "వైదొలగడం" అనే గడిలో ఉంది. కొనసాగడం అంటే ఏమిటో అందరికీ తెలుసు. వైదొలగడం అంటే? ఉమ్మడి మార్కెట్‌లో ఉంటూనా, కస్టమ్స్ యూనియన్‌లో మాత్రమే ఉంటూనా, అన్నీ తెంచుకునా? ఐర్లండ్‌తో ఉన్న దాదాపు 500 కిలోమీటర్ల సరిహద్దు ఏమవుతుంది? మూడు నాలుగు దారులను కలిపి ఒక గడిలో పెట్టి, ఎదుటి గడిలో ఒక్క దారి పెట్టారు. కలిపితే 51.89 వచ్చింది. విడదీస్తే ఏ దారికీ మెజారిటీ లేదని 2019లో పార్లమెంటులోనే బయటపడింది. వైదొలగడం మీద యూరోపియన్ యూనియన్‌తో ప్రభుత్వం కుదుర్చుకున్న ఒప్పందం జనవరి 15న 432–202తో ఓడిపోయింది. మార్చి 27న ఎనిమిది ప్రత్యామ్నాయాల మీద ఓటేస్తే ఎనిమిదీ పోయాయి. ఏప్రిల్ 1న నాలుగు పెడితే నాలుగూ పోయాయి. కస్టమ్స్ యూనియన్ మాత్రం మూడు ఓట్లతో తప్పిపోయింది.

గడులు ఎన్ని, వాటిలో ఏం పెట్టారు అన్న పరీక్ష మన ఉపఖండంలోనూ పనికొస్తుంది. 1967 జనవరి 16న గోవాలో పువ్వు గుర్తుకు వేస్తే మహారాష్ట్రలో విలీనం, రెండాకుల గుర్తుకు వేస్తే కేంద్రపాలిత ప్రాంతంగా కొనసాగడం. విలీనానికి 1,38,170, కేంద్రపాలితానికి 1,72,191. ప్రత్యేక రాష్ట్రం అనే గడే లేదు, అది 1987లో గానీ రాలేదు. అయినా ఆ ఓటింగ్ మీద నాకు గౌరవమే. విలీనం కోరిన ముఖ్యమంత్రి బందోద్కర్ ప్రభుత్వం ముందే తప్పుకుంది, యంత్రాంగం ఒక పక్షం చేతిలో లేదు. కొద్ది వారాలకే జరిగిన ఎన్నికల్లో జనం ఆయన పార్టీనే మళ్లీ గెలిపించారు. పార్టీని ఒకందుకు, నిర్ణయాన్ని ఒకందుకు విడదీసి చూడగలరని దీన్ని బట్టే తెలుస్తుంది.

1975 ఏప్రిల్ నాటి సిక్కిం కథ వేరు. 9న భారత సైన్యం రాజభవనం గార్డులను నిరాయుధులను చేసింది, 10న అసెంబ్లీ తీర్మానం, 14న పోలింగ్. రాచరికం రద్దు, భారత్‌లో విలీనం, ఈ రెండూ ఒకే ప్రశ్నలో. రాజు వద్దు గానీ విలీనం కూడా వద్దు అనుకున్నవాడు ఎక్కడ గుద్దాలి? అవునన్నవి 59,637, కాదన్నవి 1,496. 97 శాతానికి పైనే. జనం నిజంగానే విలీనం కోరుకుని ఉండొచ్చు. అయినా ఆ అంకె దాన్ని రుజువు చెయ్యలేదు. 1947 జులైలో వాయవ్య సరిహద్దు రాష్ట్రంలో పాకిస్తాన్‌కు 2,89,244, భారత్‌కు 2,874. ఇది 99 శాతం. స్వతంత్ర పఖ్తూనిస్తాన్ అనే మూడో గడి లేదని ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ అనుచరులైన ఖుదాయీ ఖిద్మత్‌గార్లు బహిష్కరించారు, దాదాపు సగం మంది ఓటర్లు రానే లేదు. ఎక్కడైనా 95 దాటిన శాతం కనిపిస్తే ముందు పోలింగ్ ఎంతో, ఎవరు బహిష్కరించారో చూడండి.

ఓటు హక్కు దగ్గర 2016లో మన వాళ్లు కూడా కనిపిస్తారు. పార్లమెంటు ఎన్నికల జాబితానే కొద్ది మార్పులతో వాడారు కాబట్టి బ్రిటన్‌లో చట్టబద్ధంగా ఉంటున్న కామన్వెల్త్ పౌరులందరికీ ఓటుంది. అంటే హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఎమ్మెస్ చదవడానికి లండన్ వెళ్లి, పేరు నమోదు చేసుకున్న భారత పౌరుడు ఓటెయ్యొచ్చు. ఇరవై ఏళ్లుగా అక్కడే ఉండి పన్నులు కడుతున్న ఇటలీ పౌరురాలికి మాత్రం లేదు. తన భవిష్యత్తే తేలబోతోంది అయినా సరే. 15 ఏళ్లకు మించి విదేశాల్లో ఉంటున్న బ్రిటిష్ పౌరులకూ అప్పట్లో లేదు. 2014 స్కాట్లండ్ స్వాతంత్ర్య రెఫరెండంలో 16, 17 ఏళ్ల వాళ్లు ఓటేశారు. 2016కు బ్రిటన్ పార్లమెంటు ఎగువసభ అయిన ప్రభువుల సభ అదే కోరితే దిగువసభ అయిన కామన్స్ సభ తోసిపుచ్చింది. వీటిలో ఏదీ చట్టవిరుద్ధం కాదు. కానీ తేడా 13 లక్షల లోపున్నప్పుడు జాబితా గీతను ఎటు జరిపినా ఫలితం కదిలే వీలుంది.

ఖర్చు, అబద్ధాల గురించి ఎక్కువ చెప్పను. అధికారిక "లీవ్" ప్రచార సంస్థ 70 లక్షల పౌండ్ల పరిమితి దాటిందని ఎన్నికల కమిషన్ తేల్చి 61,000 పౌండ్ల జరిమానా వేసింది, 2018 జులైలో. లెక్కింపును సవాలు చేయడానికి చట్టం ఇచ్చిన గడువు ఆరు వారాలు. స్విట్జర్లండ్‌లో మాత్రం 2016 ఫిబ్రవరిలో దంపతుల పన్ను మీద జరిగిన ఓటింగ్‌ను 2019లో సుప్రీంకోర్టు రద్దు చేసింది. ప్రభుత్వం 80,000 జంటల మీద భారం పడుతోందని చెప్పింది, అసలు సంఖ్య 4,54,000 అని తేలింది. తేడా స్వల్పంగా ఉండి, తప్పుడు సమాచారం సర్కారుదే అయినప్పుడు ఆ ఫలితం నిలవదని కోర్టు భావించింది.

నా దృష్టిలో 2016లో అన్నిటికన్నా పెద్ద లోపం ఇంకొకటి. 2011లో ఓటింగ్ పద్ధతి మార్చాలా అని బ్రిటన్ అడిగినప్పుడు, అవునంటే ఏ సెక్షన్లు అమల్లోకి వస్తాయో చట్టంలోనే రాసి ఉంది. జనం 67.9 శాతం కాదన్నారు, విషయం ముగిసింది. 2015 నాటి రెఫరెండం చట్టంలో అలాంటి సెక్షన్ ఒక్కటీ లేదు. ఓటింగ్ జరపాలి అన్నంతవరకే ఉంది. గీత పెద్దది పెట్టాలని సభలో అడిగితే, మంత్రి డేవిడ్ లిడింగ్టన్ ఇది సలహా రెఫరెండం కదా, షరతులెందుకు అన్నారు. 2016 ఏప్రిల్‌లో ఇంటింటికీ పంపిన ప్రభుత్వ కరపత్రంలో మాత్రం మీరు తేల్చిందే అమలు చేస్తాం అని రాశారు. సలహా కాబట్టి రక్షణలు అక్కర్లేదన్నారు, ఓటయ్యాక అది ఆజ్ఞ అన్నారు. 2017 జనవరిలో సుప్రీంకోర్టు 8–3తో, రెఫరెండం ఒక్కటే చాలదు, పార్లమెంటు చట్టం చెయ్యాల్సిందే అని చెప్పాల్సి వచ్చింది.

చెయ్యాలనుకుంటే ఎలా చెయ్యాలో న్యూజిలాండ్ చూపించింది. 1992లో ఎన్నికల పద్ధతి మార్చాలా అని, మారిస్తే నాలుగింటిలో ఏది అని సలహాగా అడిగారు. తర్వాత గెలిచిన పద్ధతికి పూర్తి చట్టం రాసి, 1993 నవంబర్‌లో పాత పద్ధతితో పోటీ పెట్టారు. 53.9 శాతం కొత్తదానికి వేశారు. తేడా తక్కువే అయినా, దేనికి ఓటేశారో తెలియక తగవు పడే పరిస్థితి రాలేదు.

మన రాజ్యాంగంలో జాతీయ రెఫరెండమే లేదు. సలహాకు, నిర్ణయానికి మధ్య ఈ గజిబిజి మాత్రం మనకూ తెలుసు. 1955లో రాష్ట్రాల పునర్విభజన కమిషన్, తెలంగాణను హైదరాబాద్ రాష్ట్రంగానే ఉంచి, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభ మూడింట రెండొంతుల మెజారిటీతో ఒప్పుకుంటే ఆంధ్రతో కలపొచ్చంది. ఆ గీత దాకా వెళ్లకుండానే 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. విడిపోయేటప్పుడు 3వ అధికరణం ప్రకారం బిల్లును అసెంబ్లీ అభిప్రాయానికి పంపారు. 2014 జనవరి 30న అసెంబ్లీ మూజువాణి ఓటుతో దాన్ని తిరస్కరించింది. ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ ఆమోదించాయి. 3వ అధికరణంలో ఉన్నది అభిప్రాయం అడగాలని మాత్రమే, దానికి కట్టుబడాలని లేదు. ఆ సంగతి మొదటి నుంచీ రాసే ఉంది.