బరంపురం పిన్‌కోడులో దాగిన పదకొండు

మేనకోడలి పెళ్లి శుభలేఖల మీద చిరునామాలు రాసే పని గతవారం నా మీద పడింది. పైఊళ్లకు పోస్టులో వెళ్లవలసిన ప్రతి కవరు మీదా పంపినవారి చిరునామా కింద 760001 అని రాస్తూ ఉండగా, ఈ సంఖ్య కట్టుబడి ఏమిటో చూడాలన్న బుద్ధి పుట్టింది. పిన్‌కోడు గుర్తే గాని పరిమాణం కాదని తెలుసు. 1972 ఆగస్టు 15న మొదలైన ఆ పద్ధతిలో ఒడిశాకు 7, ఆంధ్రకు 5 మొదటి అంకెలుగా వచ్చాయి కనుక, 1936 దాకా మద్రాసు రాజధానిలో ఉన్న మా గంజాం వారికి, ఇచ్ఛాపురం చుట్టాలకు మధ్య ఆ తేడా కవరు మీద కూడా కనబడుతుంది. అయినా గుర్తును సంఖ్యగా చూడకూడదన్న నియమమేదీ లేదు.

చివర 1 ఉంది కనుక 2, 5 పోవు. అంకెల మొత్తం 14 కనుక 3 పోదు. 7తో భాగిస్తే 4 మిగులుతుంది. ఇక 11 వంతు. ఒకటి విడిచి ఒకటిగా అంకెలను కూడితే 7+0+0 ఒకవైపు, 6+0+1 మరోవైపు, రెండూ ఏడే కావడంతో 11 నిశ్శేషంగా పోయి 69,091 వచ్చింది. అందులోనూ 11 పోయి 6,281, అందులోనూ పోయి 571 మిగిలాయి. 571 ప్రధాన సంఖ్య. అంటే 7,60,001 అనేది 11 ఘనమైన 1,331ని 571తో హెచ్చించగా వచ్చిన లబ్ధం. ఇంత సాదాగా కనబడే సంఖ్యలో ఒక ఘనం ఉంటుందని నేను అనుకోలేదు.

దీన్ని 4తో భాగిస్తే శేషం 1. అటువంటి ప్రధాన సంఖ్య ఏదైనా రెండు వర్గాల మొత్తంగా రాయవచ్చన్నది ఫెర్మా చెప్పిన ప్రసిద్ధ ఫలితం కనుక, ఇక్కడా ఆశపడ్డాను. కానీ ఇది సంయుక్త సంఖ్య. 11కూ 571కీ కూడా 4తో భాగిస్తే శేషం 3. అలాంటివి నాలుగు కలిసి హెచ్చవేయబడినందువల్లనే చివరికి శేషం 1 అయింది. శేషం 3 ఇచ్చే ప్రతి ప్రధాన కారణాంకమూ సరిసంఖ్య సార్లు రావాలన్నది షరతు. మనకు 11 మూడుసార్లు, 571 ఒక్కసారి వచ్చాయి. కనుక ఎంత వెదికినా ఆ రెండు వర్గాలు దొరకవు.

తనను మినహాయించి మిగిలిన భాజకాల మొత్తం 77,407 మాత్రమే కావడంతో ఇది న్యూన సంఖ్య, అంటే భాజకాల మొత్తం తనకంటే తక్కువైన సంఖ్య. అది కూడా పదోవంతుకు కాస్త పైన ఆగిపోయిన బీద న్యూనం. పక్క జిల్లాలోని పర్లాకిమిడి పిన్‌కోడు 7,61,200 అయితే 60 భాజకాలతో అధిక సంఖ్య, అంటే ఆ మొత్తం తనను మించిన సంఖ్య. పైగా అంకెల మొత్తమైన 16తో నిశ్శేషంగా భాగించబడుతుంది కనుక, దేవ్‌లాలీలో బడిపంతులుగా పనిచేసిన కాప్రేకర్ ‘హర్షద్’ అని పేరు పెట్టిన కోవలోకీ వస్తుంది. ఈ విషయంలో పర్లాకిమిడి వారిదే పైచేయి అని ఒప్పుకోక తప్పదు.

వర్గాల మొత్తం కుదరకపోయినా వర్గాల భేదం నాలుగు విధాలుగా కుదిరింది. 571, 1,331ల సగటు 951, వాటి తేడాలో సగం 380. 951 వర్గం 9,04,401లోంచి 380 వర్గం 1,44,400 తీసివేస్తే సరిగ్గా 7,60,001 వస్తుంది. ఈ లెక్క చేసింది ఒక శుభలేఖ కవరు వెనుక కావడంతో, ఆ కవరు మార్చి మళ్లీ రాయవలసి వచ్చింది.