గొట్టం మూస్తే మోటార్ శబ్దం ఎందుకు పెరుగుతుంది?

వాక్యూమ్ క్లీనర్ నడుస్తుండగా గొట్టం మూతికి అరచెయ్యి అడ్డం పెట్టండి. మోటార్ శబ్దం ఒక్కసారిగా పైకి లేచి, సన్నగా కీచుమంటుంది. గాలి ఆడక మోటార్ మీద లోడ్ పడింది, పాపం కష్టపడుతోంది అని దాదాపు అందరూ అనుకుంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఒకరోజు ప్లగ్‌కీ సాకెట్‌కీ మధ్య వాట్ మీటర్ పెట్టి చూశాను. గొట్టం తెరిచి ఉన్నప్పుడు 1180 చూపిస్తున్న మీటర్, చెయ్యి పెట్టగానే 800 దరిదాపులకి దిగిపోయింది. శబ్దం పెరిగింది, కరెంటు తగ్గింది!

ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. లోపలి ఫ్యాన్ చేసే పని, మధ్యలోంచి గాలిని లాక్కుని అంచుల వైపు విసరడం. ఎంత గాలిని విసిరితే అంత బరువు మోస్తున్నట్టు. గొట్టం మూసేస్తే కొత్త గాలి రాదు, లోపల ఉన్న కాస్త గాలే ఫ్యాన్‌తో పాటు గిరగిరా తిరుగుతుంది. లోడ్ తగ్గింది కాబట్టి మోటార్ వేగం అందుకుంటుంది, మనకి వినిపించేది ఆ వేగమే.

లోడ్ తగ్గితే ఇంతగా వేగం పెరగడం అన్ని మోటార్లకీ ఉండే గుణం కాదు. వైరుతో నడిచే వాక్యూమ్ క్లీనర్లలో ఎక్కువగా ఉండేది యూనివర్సల్ మోటార్. బయటి ఫీల్డ్ కాయిల్, లోపల తిరిగే ఆర్మేచర్ రెండూ సిరీస్‌లో ఉంటాయి, అంటే ఒకే కరెంటు రెండింటిలోనూ పోతుంది. ఏసీలో కరెంటు దిశ మారినప్పుడల్లా రెండింటి అయస్కాంత దిశా ఒకేసారి తిరగబడుతుంది కనుక మోటార్ మాత్రం ఒకే వైపు తిరుగుతూ ఉంటుంది. మొదట్లో కరెంటు ఎక్కువ లాగి గట్టి టార్క్ (తిప్పే బలం) ఇస్తుంది, స్విచ్ వెయ్యగానే మిషన్ ఒక కుదుపు ఇచ్చేది అందుకే. లోడ్ తీసేస్తే మాత్రం దానికి ఫలానా చోట ఆగాలన్న హద్దు ఉండదు, పైకి పోతూనే ఉంటుంది. అందుకే రిపేరు చేసేటప్పుడు ఫ్యాన్ విప్పేసిన మోటార్‌కి నేరుగా పూర్తి వోల్టేజీ ఇవ్వకండి, అది నిజంగా ప్రమాదం.

మరి నీళ్ల పంపుల్లో వాడే ఇండక్షన్ మోటార్ ఎందుకు పెట్టరు? 50 హెర్ట్జ్ కరెంటు మీద నేరుగా నడిస్తే అది నిమిషానికి 3000 చుట్లు దాటలేదు. ఈ ఫ్యాన్‌కి అది ఏ మూలకీ చాలదు. పీల్చే ఒత్తిడిని నిర్ణయించేది ఫ్యాన్ అంచు వేగం, అదీ ఆ వేగానికి వర్గంలో. 125 మిల్లీమీటర్ల ఫ్యాన్ 30,000 చుట్లు తిరిగితే అంచు సెకనుకి 196 మీటర్ల వేగంతో పోతుంది. చేతిలో పట్టుకునే బ్యాటరీ మిషన్‌లో ఫ్యాన్ 40 మిల్లీమీటర్లే అనుకుందాం, అదే అంచు వేగం రావాలంటే దాన్ని దాదాపు లక్ష చుట్లు తిప్పాలి. కంపెనీలు చెప్పే లక్ష, లక్షా పాతిక వేల లెక్కలు ఆర్భాటం కోసం అనుకునేవాణ్ణి. కాదు, ఫ్యాన్ చిన్నదైతే వేరే దారి లేదు. పైగా మోటార్ సైజుని నిర్ణయించేది టార్క్, పవర్ కాదు. అదే పవర్‌ని మూడింతల వేగంతో ఇస్తే మూడో వంతు టార్క్ సరిపోతుంది, ఇనుమూ రాగీ ఆ మేరకి తగ్గుతాయి.

యూనివర్సల్ మోటార్‌ని లక్ష చుట్లకి తీసుకెళ్లడానికి అడ్డం దాని కార్బన్ బ్రష్‌లు, అంటే తిరిగే ఆర్మేచర్‌కి రాసుకుంటూ కరెంటు అందించే ముక్కలు. ఇది చెప్పాలంటే నా పాత మిషన్ విప్పిన సంగతి చెప్పాలి. నడుస్తూ నడుస్తూ ఆగేది, ఒక తట్టు తడితే మళ్లీ అందుకునేది, ఏదో కాలిన వాసన. విప్పి చీకట్లో ఒక్క క్షణం నడిపి చూస్తే కమ్యుటేటర్ (ఆర్మేచర్ మీద బ్రష్‌లు ఆనే రాగి పట్టీల వలయం) చుట్టూ నీలం రంగు మెరుపులు ఉంగరంలా కనిపించాయి. బ్రష్ బయటికి తీస్తే వేలి గోరంత ముక్క మిగిలింది, వెనకున్న స్ప్రింగ్ దాన్ని సరిగా నొక్కే స్థితిలో లేదు. కమ్యుటేటర్ మీద గోధుమ రంగు పొర ఒకటి పట్టి ఉంటుంది, చూడగానే మురికి అనిపిస్తుంది కానీ బ్రష్ మెత్తగా జారడానికి ఆ పొరే ఆధారం, దాన్ని గీకి తళతళలాడించకూడదు. కొత్త బ్రష్‌లు వేశాక వెంటనే ఫుల్ స్పీడ్‌లో వాడకుండా సగం వోల్టేజీ మీద ఓ అరగంట నడిపాను, దాని ముఖం కమ్యుటేటర్ గుండ్రానికి తగ్గట్టు అరగాలి కదా. ఆ తర్వాత మెరుపులు చిన్న చుక్కలకి తగ్గిపోయాయి.

యూరోపియన్ యూనియన్ 2013లో తెచ్చిన నిబంధనల్లో మోటార్ కనీసం 500 గంటలు నడవాలన్న షరతు ఉంది, బ్రష్‌ల అరుగుదల ఎంత పెద్ద విషయమో దాన్ని బట్టే తెలుస్తుంది. అవే నిబంధనలు మిషన్ లాగే పవర్‌ని 2014 సెప్టెంబర్ నుంచి 1600 వాట్లకి, 2017 సెప్టెంబర్ నుంచి 900 వాట్లకి కట్టేశాయి. నాకది సరైన పనే అనిపిస్తుంది. ఎందుకంటే వాట్లు చెప్పేది మోటార్ ఎంత తింటుందో, ఎంత పీలుస్తుందో కాదు. సెకనుకి 20 లీటర్ల గాలి, 5 కిలోపాస్కల్స్ ఒత్తిడి తేడాతో వస్తోందంటే గాలికి అందిన పవర్ 100 వాట్లే, మిగతాదంతా వేడిగా, శబ్దంగా పోయినట్టే.

ఇక బ్రష్‌లెస్ మోటార్. ఇందులో తిరిగేది అయస్కాంతం, చుట్టూ కదలకుండా ఉండేవి కాయిల్స్. కమ్యుటేటర్ చేసే పనిని ట్రాన్సిస్టర్లు చేస్తాయి. రోటర్, అంటే ఆ తిరిగే భాగం, ఎక్కడుందో అయస్కాంతాన్ని పసిగట్టే హాల్ సెన్సార్ చెబుతుంది, సెన్సార్ లేకపోతే ఖాళీగా ఉన్న కాయిల్‌లో పుట్టే వోల్టేజీని బట్టి కంట్రోలర్ పసిగడుతుంది. లక్ష చుట్ల దగ్గర ఒక చుట్టుకి పట్టేది 0.6 మిల్లీసెకన్లు. మూడు ఫేజులు (మూడు కాయిల్ జట్లు), అయస్కాంతానికి రెండు పోల్స్ (ధ్రువాలు) ఉన్న మోటార్ అయితే ఆ కాస్త సమయంలోనే ఆరుసార్లు స్విచింగ్ మారాలి, అంటే ఒక్కోదానికి 100 మైక్రోసెకన్లు. కాయిల్‌లో కరెంటు వెంటనే పెరగదు కాబట్టి అసలు సమయం కంటే కొంచెం ముందే స్విచ్ వెయ్యాలి. ఆ లెక్కలో 10 మైక్రోసెకన్లు తప్పితే రోటర్ అప్పటికే 6 డిగ్రీలు దాటిపోయి ఉంటుంది, టార్క్ పడిపోతుంది, కరెంటు వృథా అవుతుంది. ఇంత పనిని చిన్న చిప్ ఒకటి ఆపకుండా చేస్తోందంటే నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది.

ఇప్పుడు బ్యాటరీ మిషన్ గొట్టానికి చెయ్యి అడ్డం పెట్టండి. 7 సెల్స్ ఉన్న ప్యాక్ ఫుల్ చార్జ్‌లో 29.4 వోల్టులు ఇస్తుంది, అయిపోయే దశలో 21 దాకా దిగుతుంది. అయినా పీల్చే బలం మారకూడదు కాబట్టి చాలా కంట్రోలర్లు స్విచింగ్ టైమింగ్ సర్దుకుంటూ పవర్‌ని ఒకే చోట నిలబెడతాయి. అలాంటి మిషన్‌లో గాలి ఆగితే ఏమవుతుంది? లోడ్ తగ్గింది, కంట్రోలర్ మాత్రం అదే పవర్ పంపాలని చూస్తుంది, దాంతో వేగం ఇంకా పైకి పోతుంది. ఇంత పవర్‌కి ఇంత వేగం ఉండాలన్న లెక్క దాని దగ్గర ముందే ఉంటుంది కాబట్టి గీత దాటగానే ఎక్కడో అడ్డం పడిందని గ్రహించి, మోటార్‌ని ఆపేసి లైటు వెలిగిస్తుంది. ప్రెషర్ సెన్సార్ వేరే అక్కర్లేదు, మోటారే సెన్సార్ అయిపోయింది. ఈ మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చిన డిజైన్ ఇదే.

ఒక్క విషయం, ఈ పరీక్ష రెండు మూడు సెకన్లకి మించి చెయ్యకండి. చాలా మిషన్లలో పీల్చిన గాలే మోటార్ మీదుగా పోయి దాన్ని చల్లబరుస్తుంది. వాట్లు తగ్గినా ఆ గాలి ఆగిపోతే వైండింగ్ వేడెక్కి థర్మల్ స్విచ్ పడిపోతుంది, అది లేని మోటార్ కాలిపోతుంది. సంచి నిండినా, ఫిల్టర్ మూసుకుపోయినా జరిగేది ఇదే, కాకపోతే నెమ్మదిగా. నా పాత మిషన్‌కి లైట్లేమీ లేవు. శబ్దం మామూలు కంటే కాస్త సన్నబడిందనిపిస్తే ఆపేసి ముందు ఫిల్టర్ తీసి చూస్తాను, ప్రతిసారీ దుమ్ము దట్టంగా పట్టి ఉంటుంది.