వన్ ఫైవ్, పదిహేను యూనిట్లు

హన్మకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరిన తొలి ఏడాది అది. నైట్ డ్యూటీ. రెండు కావస్తోంది. వార్డులో ఒక పెద్దాయనకు షుగర్ 380 వచ్చింది. డ్యూటీ డాక్టర్ కింద క్యాజువాలిటీలో ఉంటే ఫోన్ చేశాను. అవతల ఎవరిదో ఏడుపు, స్ట్రెచర్ చప్పుడు. రెగ్యులర్ అనే రకం ఇన్సులిన్ ఎంత ఇవ్వాలో గబగబా చెప్పి, రెండు గంటల తర్వాత షుగర్ మళ్లీ చూడమని పెట్టేశారు. నాకు వినబడింది ఫిఫ్టీ. "సరే సర్" అన్నాను.

ఎర్ర మూత సిరంజి తీశాను. మా వార్డులో వాడే ఇన్సులిన్ సీసాలో మిల్లీలీటరుకు 40 యూనిట్లు. దానికి తగ్గ సిరంజి మీద గీతలు కూడా 40 దగ్గరే ఆగిపోతాయి. మందు లాగుతుంటే గీతలు అయిపోయాయి, ఇంకో పది కావాలి. రెండో సిరంజి కోసం ట్రేలో చెయ్యి పెట్టి ఆగిపోయాను. ఒక మనిషికి ఒకేసారి రెండు సిరంజిల ఇన్సులిన్ ఇవ్వడం నేనెప్పుడూ చూడలేదు. మళ్లీ ఫోన్ చేస్తే ఏమంటారోనని టెన్షన్. అయినా చేశాను.

"ఫిఫ్టీన్ సిస్టర్! వన్ ఫైవ్!"

50 ఇచ్చి ఉంటే తెల్లారేలోపే షుగర్ పడిపోయి ఆయన స్పృహ తప్పేవారేమో. నిద్రపోతున్నారనే అనుకునేవాళ్లం.

పొద్దున ఇన్‌చార్జి సిస్టర్‌కు అంతా చెప్పాను. ఆమె కోప్పడలేదు, కూర్చోబెట్టి నేర్పించారు. ఫోన్‌లో చెప్తుండగానే రాయాలి. పేషెంటు పేరు, బెడ్ నంబరు, మందు, ఎంత, ఏ దారిలో (నోటితోనా, సూదితోనా), ఎప్పుడు. ఆ రాసింది చూసి డాక్టర్‌కు చదివి వినిపించాలి. గుర్తున్నది చెప్తే తప్పు విన్నదే మళ్లీ చెప్తాం. ఆయన అవునన్నాకే ఫోన్ పెట్టేయాలి. టైము వేసి సంతకం చేయాలి, తర్వాత డాక్టర్ సంతకం తీసుకోవాలి. యూనిట్లు అని పూర్తిగా రాయాలి, ఒట్టి ఇంగ్లిష్ యూ అక్షరం రాస్తే అది సున్నాలా కనిపించి 10 కాస్తా 100 అవుతుంది.

అంకెల సంగతి నేను సొంతంగా పట్టుకున్నాను. ఫిఫ్టీన్, ఫిఫ్టీ కలిసిపోతాయి గానీ పదిహేను, యాభై కలవవు. అట్లాగని తెలుగే నమ్ముకుందామంటే ఇరవై, అరవై ఉన్నాయి. ఫోన్‌లో ఆ రెండూ ఒక్కలాగే వినిపిస్తాయి. అందుకే రెండు భాషల్లోనూ చెప్తాను: "వన్ ఫైవ్, పదిహేను యూనిట్లు, చర్మం కింద. అవునా సర్?"

ఒక సీనియర్ డాక్టర్ మొదట్లో విసుక్కున్నారు, "ఇనబడ్డది కదా సిస్టర్" అని. "రాసింది ఒకసారి చదువుతాను సర్" అనేదాన్ని, అంతే. మళ్లీ చెప్పమని ఆయన్ని అడగడం కాదు కాబట్టి ఎవరికీ తప్పు పట్టినట్టు ఉండదు. పది రోజుల్లో ఆయనే "చదువు" అనడం మొదలుపెట్టారు.

మా నాన్న కాజీపేటలో లోకో పైలట్‌గా, అంటే రైలు డ్రైవర్‌గా చేశారు. ఇంట్లో ఇదంతా చెప్తే ఆయనకు కొత్తగా అనిపించలేదు. "ఇంజన్ల ఇద్దరం ఉంటం బిడ్డా. సిగ్నల్ ఇద్దరికీ కనబడ్తది. అయినా ఒకరికొకరం పైకి చెప్పుకోవాలె" అన్నారు. చిన్నప్పుడు ఆయన బండి నడిపేటప్పుడు ఎందుకు మాట్లాడతారో నాకు అర్థమయ్యేది కాదు.

నేను ఇంకొకరికి చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం, ఇలా తిరిగి చెప్పించుకోవాలని చాలా ఆలస్యంగా గుర్తొచ్చింది. డిశ్చార్జి రోజు మందులన్నీ వివరించి "అర్థమైందా?" అంటే "అయింది మేడం" అంటారు. కానివాళ్లూ అదే అంటారు, ఆసుపత్రిలో కాలేదని చెప్పడానికి మొహమాటం. ఇప్పుడు ఆ మాట అడగను. పోయిన నెల పరకాల నుంచి వచ్చిన ఒకామెతో, "అక్కా, ఇంటికి పోయినంక మీ కోడలుకు ఎట్ల చెప్తవో నాకు జెప్పు" అన్నాను.

"పొద్దుగాల తిన్నంక సూది ఏసుడు" అంది. చేతిలో సంచి, అందులో సీసా. ఆ రకం ఇన్సులిన్ వేసుకున్న అరగంటకు తినాలి. నేను చెప్పింది అదే, ఆమెకు చేరింది వేరు. తప్పు నా చెప్పడంలోనే ఉంది. ముందు సూది, తర్వాత బువ్వ అని వేళ్ల మీద లెక్కపెట్టి మళ్లీ చెప్పాను.

"ముందుగాల సూది. గడియారం జూసి అరగంటకు బువ్వ. మాపటికి గూడ గంతే" అని తనే వేళ్లు మడిచింది. అప్పుడు చీటీ చేతికిచ్చి బస్టాండు దాకా ఆటో మాట్లాడి పెట్టాను.