జట్టులో ఉన్న ఒక్క తెలుగు మనిషి

విదేశాల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే తెలుగువాళ్ల మీద ఈమధ్య ఓ కొత్త పని పడుతోంది. మాటను అక్షరాల్లోకి మార్చే ఏఐ మోడలో, చెడ్డ వ్యాఖ్యల్ని వడగట్టే మోడలో తెలుగులో కూడా తేవాలని కంపెనీ అనుకుంటుంది. జట్టులో తెలుగు వచ్చినవాళ్లు ఒక్కరే ఉంటారు. "ఈ 400 వాక్యాలు కాస్త చూసి పెడతావా, శుక్రవారానికి చాలు" అని మేనేజర్ చాట్‌లో అడుగుతాడు. అడిగిన తీరు మర్యాదగానే ఉంటుంది, పనీ చిన్నదిగానే కనిపిస్తుంది. పైగా మన భాష కూడా అందులోకి వస్తోందన్న సంతోషం. సరేనంటాం. అక్కడి నుంచి మన చెవికి తోచిందే తెలుగు, మనకు మోటుగా అనిపించిందే బూతు. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాష అని చెప్పినవాళ్లు 8.11 కోట్ల మంది. వాళ్లందరి తరఫునా ఒక్క మనిషి, అదీ అసలు పని ముగిశాక రాత్రిపూట కూర్చుని తీర్పు చెబుతున్నట్టు లెక్క.

ఆ ఒక్క మనిషి ఎంత చదువుకున్నా, ఎంత నిజాయితీపరుడైనా సరిపోడు. అతనిది ఒక ప్రాంతం, ఒక కులం, ఒక తరం. ఊరు వదిలిన సంవత్సరం దగ్గరే వలస వచ్చినవాళ్ల తెలుగు చాలావరకు ఆగిపోతుంది. ఆ తర్వాత వినేది అమ్మానాన్నల ఫోను, సినిమా, మనలాంటివాళ్లే ఉన్న గ్రూపుల్లో మాటలు. వలస అంటే మనం మాత్రమే కాదన్నది కూడా గుర్తుండాలి. గల్ఫ్ దేశాలకు కూలి పనులకు వెళ్లిన కరీంనగర్, నిజామాబాద్ వాళ్లలో టైప్ చేయడం కన్నా వాయిస్ మెసేజ్ పెట్టడమే తేలిక అనుకునేవాళ్లు ఎందరో. మాటను గుర్తుపట్టే మోడల్ అక్కరకు రావాల్సింది ముందు వాళ్లకు. ఆఫీసుల్లో తయారయ్యే డేటాలో తేలిగ్గా తప్పిపోయేదీ వాళ్ల మాటే.

తప్పు ఎక్కడ దూరుతుందో ఒక్క వాక్యం పట్టుకుని చూద్దాం. ఆడియోలో మనిషి అన్నాడు: "ఆయన నిన్న ఊరికి పోయిండు, ఇంక రాలే." రాసే మనిషికి చిన్నప్పటి నుంచి పుస్తకాల తెలుగు అలవాటు. చెయ్యి తనంతట తానే దిద్దుతుంది: "ఆయన నిన్న ఊరికి వెళ్లాడు, ఇంకా రాలేదు." అర్థం చెడలేదు కదా అనుకుని ముందుకు వెళ్లిపోతాం. రేపు ఒక మంచి మోడల్ విన్నది విన్నట్టు "పోయిండు, ఇంక రాలే" అని రాస్తే, మన జవాబుతో పోల్చి దానికి ఆరు మాటల్లో మూడు తప్పులు వేస్తారు. అంటే వర్డ్ ఎర్రర్ రేట్ 50 శాతం. మోడల్ చేసిన తప్పు మాత్రం ఒక్కటీ లేదు. ఇవే వాక్యాలు శిక్షణకు వెళ్తే ఇంకా అన్యాయం: మనిషి "పోయిండు" అంటే ఫోను "వెళ్లాడు" అని రాస్తుంది. తన నోటి మాట తన తెరమీద తనకే కనిపించదు.

దీనికి విరుగుడు సూచనల పత్రంలో మొదటి వాక్యం: విన్నది విన్నట్టు రాయండి, దిద్దకండి. శిష్ట రూపం కూడా కావాలంటే దానికి వేరే గడి పెట్టాలి, మొదటి దాన్ని చెరపకూడదు. "వెళ్ళాడు", "వెళ్లాడు" లాంటి జంటల పట్టిక ముందే తయారుచేసి, లెక్క వేసేటప్పుడు రెండింటినీ ఒకటిగా చూడాలి. సంధి ఇంకో చిక్కు. జవాబులో "వచ్చేశాడనుకున్నాను" అని ఒక మాటగా ఉండి, మోడల్ "వచ్చేశాడు అనుకున్నాను" అని విడదీస్తే ఒక మాటకు రెండు తప్పులు పడతాయి, అంటే 200 శాతం. ఇంగ్లిష్ మీద తయారైన కొలతను యథాతథంగా తెచ్చి తెలుగు మీద పెడితే జరిగేది ఇదే. అందుకని అక్షరాల స్థాయి ఎర్రర్ రేట్ కూడా పక్కనే చూపించాలి. అందులోనూ దేన్ని అక్షరమంటున్నామో రాయాలి: "క్షా" మన కంటికి ఒక అక్షరం, కంప్యూటర్లు అక్షరాల్ని దాచుకునే యూనికోడ్‌లో నాలుగు సంకేతాలు. ఆంగ్ల పదాల్ని ఏ లిపిలో రాయాలన్నది ఏదో ఒకటి తేల్చి అందరికీ ఒకేలా చెబితే చాలు.

ఇది తెలుగుకే వచ్చిన కష్టం కాదు. 2020లో ఆలిసన్ కోనెకీ బృందం అమెరికాలో అయిదు పెద్ద కంపెనీల మాటను గుర్తుపట్టే వ్యవస్థల్ని పరీక్షిస్తే, తెల్లవాళ్ల మాటల్లో సగటు ఎర్రర్ రేట్ 19 శాతం, నల్లవాళ్ల మాటల్లో 35 శాతం తేలింది. భాష ఒకటే, దేశం ఒకటే. యాస దగ్గరే అంత తేడా వచ్చింది.

బూతుల లేబులింగ్, అంటే ఏ వాక్యం తిట్టో ఏది కాదో ముద్ర వేయడం, ఇంకా సున్నితమైన పని. ఇంగ్లిష్ నుంచి అనువదించిన సూచనల్లో "అగౌరవంగా సంబోధించడం" అని ఒక వర్గం ఉంటుంది. దాన్ని పట్టుకుని "ఏందిరా", "ఒరేయ్" అన్న ప్రతి వాక్యాన్నీ అవమానం కింద వేస్తే, స్నేహితుల మధ్య సగం మాటలు వడపోతలో పోతాయి. అదే "రా"ను ముక్కూమొహం తెలియని పెద్దమనిషి మీద వాడితే నిజంగానే అవమానం. "దొబ్బు" అనే మాట కొన్ని చోట్ల నెట్టడం, ఇంకొన్ని చోట్ల ఇంట్లో పలకకూడని మాట. వాక్యం ఒంటరిగా చూపిస్తే ఎవరూ తేల్చలేరు. దానికి ముందున్న రెండు మూడు సందేశాలు, మాట్లాడుకునేవాళ్ల మధ్య చనువు తెలిసేలా చూపించాలి. 2019లో మార్టెన్ సాప్ బృందం ట్వీట్ల మీద చూసింది కూడా ఇదే: ఆఫ్రికన్ అమెరికన్ ఇంగ్లిష్‌లో ఉన్నవాటికి అవమానకరమన్న ముద్ర ఎక్కువగా పడుతోంది, అది ఫలానా యాస అని లేబుల్ చేసేవాళ్లకు ముందే గుర్తుచేస్తే ఆ ముద్ర తగ్గింది. ఒక్క వరుస సమాచారం చాలు, అంత మార్పు వచ్చింది.

కులం సంగతి విడిగా చెప్పాలి. ఎక్కడో తయారై వచ్చిన వర్గాల పట్టికలో జాతి, మతం, లింగం ఉంటాయి, కులం తరచూ ఉండదు. మన వాడుకలో కులం పేరునే తిట్టుగా వాడే మాటలూ సామెతలూ కొల్లలు. ఆ తిట్టు తగలని ఇంట్లో పుట్టిపెరిగినవాళ్లకు అవి మామూలు నుడికారంగా వినిపిస్తాయి, అభ్యంతరం లేదని టిక్కు పెట్టేస్తారు. ఆ మాట పడ్డవాళ్లు లేబుల్ చేసేవాళ్లలో లేకపోతే ఆ తప్పు ఏ లెక్కలోనూ బయటపడదు, ఎందుకంటే అందరూ ఒక్కమాట మీద ఉంటారు. విదేశీ మేనేజర్‌కు ఇది తెలిసే అవకాశం లేదు. చెప్పాల్సింది మనమే. ఇబ్బందిగా ఉన్నా కులాన్ని ఒక వర్గంగా పట్టికలో చేర్పించాలి.

పని పెద్దదయ్యాక కంపెనీ దాన్ని క్రౌడ్‌సోర్సింగ్ వేదిక మీద, అంటే ఎక్కడెక్కడివాళ్లో ఆన్‌లైన్‌లో చిన్న చిన్న పనులు చేసి కూలి తీసుకునే చోట పెడుతుంది. అప్పుడు మనం చూసిన ఆ 400 వాక్యాలే "గోల్డ్" ప్రశ్నలు అవుతాయి, అంటే పనివాళ్లను పరీక్షించడానికి మధ్యమధ్యలో కలిపే, జవాబు ముందే తెలిసినవి. నా దృష్టిలో ఈ వ్యవహారం మొత్తంలో ఎక్కువ హాని జరిగేది ఇక్కడే. 2005 నుంచి నడుస్తున్న అమెజాన్ మెకానికల్ టర్క్ లాంటి చోట పని ఇచ్చినవాళ్లు నచ్చని పనిని తిరస్కరించవచ్చు. తిరస్కరిస్తే డబ్బు రాదు, ఆ మనిషి ఆమోద శాతమూ పడిపోతుంది. 95 శాతానికి తక్కువున్నవాళ్లు వద్దని పని ఇచ్చేవాళ్లు ముందే గీత గీయడం అక్కడ మామూలు. కొత్తగా చేరి 200 పనులు చేసిన అమ్మాయికి అందులో "ఏందిరా" వాక్యాలు 20 వచ్చాయనుకోండి. తప్పు లేదని రాసింది, మన గోల్డ్ తప్పంది. ఆమోదం 90 శాతం. మన కంపెనీ పని ఒక్కటే కాదు, ఆ గీత గీసిన ప్రతి కంపెనీ పనీ ఆమెకు మూసుకుపోతుంది. ఆమె సరిగ్గానే చెప్పింది. ఎక్కడో పరాయి దేశంలో, నిద్రకళ్లతో మనం పెట్టిన ఒక టిక్కు ఆమె కూలి కోసేసింది. పని ఇచ్చేవాళ్ల తీరును పనివాళ్లే ఒకరికొకరు చెప్పుకునే టర్కాప్టికాన్ 2008లో పుట్టిందంటే ఇలాంటి బాధలవల్లే.

కాబట్టి గోల్డ్ ఎంపికకు గట్టి నియమం కావాలి. వేర్వేరు ప్రాంతాలవాళ్లు అయిదుగురు విడివిడిగా చూసి, అయిదుగురూ ఒకే జవాబు చెప్పినవే గోల్డ్. పని మొదలయ్యాక ఒకే ప్రశ్నను మూడో వంతు మంది తప్పుతుంటే అనుమానించాల్సింది ప్రశ్నను. దాన్ని తీసేసి, దానివల్ల తిరస్కరించిన పనులన్నీ వెనక్కి తీసి డబ్బు ఇప్పించాలి. గోల్డ్ తప్పినంత మాత్రాన డబ్బు ఆపకుండా, ఆ లేబుల్‌ను పక్కన పెట్టడం ఇంకా మంచి పద్ధతి.

"90 శాతం ఏకాభిప్రాయం వచ్చింది" అని నివేదికలో కనిపిస్తే వెంటనే నమ్మకండి. ఇద్దరూ వందలో 90 వాక్యాలకు "మంచిది", 10కి "చెడ్డది" అని పెట్టారనుకుందాం. వాక్యం చదవకుండా అదే పాళ్లలో టిక్కులు పెట్టినా 0.9×0.9 + 0.1×0.1, అంటే 82 శాతం కలిసిపోతాయి. నిజంగా కలిసింది 90 అయితే, కాకతాళీయంగా కలిసేదాన్ని తీసేసి చూసే కొలత కోహెన్ కప్పా (0.90−0.82)/(1−0.82), అంటే దాదాపు 0.44. చెప్పుకోదగ్గ అంకె కాదు. కప్పాను మొత్తానికి కలిపి కాకుండా, ఒకే ప్రాంతం వాళ్ల మధ్య ఎంత, ప్రాంతాల మధ్య ఎంత అని విడదీసి చూడండి. లోపల ఎక్కువగా ఉండి బయట తక్కువగా ఉంటే పనివాళ్లు అజాగ్రత్తగా ఉన్నారని కాదు, భాషే అక్కడ రెండుగా ఉంది. మెజారిటీ ఓటు ఆ తేడాను తుడిచేస్తుంది: ముగ్గురిలో ఇద్దరు ఒకే ప్రాంతంవాళ్లయితే మూడో మనిషి ఎప్పుడూ ఓడిపోతాడు. పలువురి జవాబుల నుంచి సరైనదాన్ని తేల్చడానికి డేవిడ్, స్కీన్ 1979లో ఇచ్చిన పద్ధతి ఇంకో అడుగు ముందుకెళ్లి, తరచూ విడిపోయేవాళ్లను నమ్మదగనివాళ్లుగా లెక్కగడుతుంది. రోగి గురించి వైద్యులు నమోదు చేసిన జవాబుల్లాంటి, నిజం ఒక్కటే ఉన్న వాటికి అది సరిపోతుంది. ఫలానా మాట అవమానమా కాదా అన్నదానికి సరిపోదు. లేబుళ్లన్నీ విడివిడిగా, ఎవరు పెట్టారో గుర్తించే సంకేతంతో, ప్రాంతంతో సహా దాచాలి.

"అంతమందిని పెట్టుకునే బడ్జెట్ లేదు" అన్న మాట తప్పకుండా వస్తుంది. లెక్క వేసి చూపించండి. కోస్తా, ఉత్తరాంధ్ర, రాయలసీమ, తెలంగాణ, ఒక్కోచోటి నుంచి ఇద్దరు, మొత్తం ఎనిమిది మంది. 400 వాక్యాలకు 3,200 తీర్పులు. ఒక్కో తీర్పుకు 25 సెకన్లనుకుంటే 80,000 సెకన్లు, అంటే 22 గంటల పై చిల్లర. ఒక ఇంజనీరు మూడు పనిదినాలు. ఆ 25 కూడా ఊహతో వేయకూడదు. ముందు 50 వాక్యాలతో పైలట్ పెట్టి గడియారంతో కొలవాలి, సూచనలు చదివిన సమయమూ కలపాలి. నలుగురిలో ముగ్గురు ముగించగలిగిన సమయాన్ని బట్టి కూలి కట్టాలి. చురుకైన మనిషి వేగాన్ని పట్టి కడితే మిగతావాళ్లు నష్టపోతారు. ఆడియో అయితే నిడివిని బట్టి అసలు కట్టకూడదు: 10 సెకన్ల ముక్కను మూడుసార్లు విని తెలుగులో టైప్ చేసేసరికి నిమిషం దాటడం మామూలే. 2018లో కొటారో హారా బృందం మెకానికల్ టర్క్ పనుల రికార్డులు లెక్కగడితే మధ్యస్థ సంపాదన గంటకు సుమారు 2 డాలర్లు తేలింది. పని వెతుక్కునే సమయానికి, తిరస్కరణకు గురైన పనికి ఎవరూ డబ్బివ్వకపోవడం దానికొక కారణం.

దగ్గరి దారులు రెండున్నాయి, రెండూ ప్రమాదమే. ఒకటి, వాక్యాల్ని చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టి "బాబాయ్, ఇది తిట్టా కాదా" అని అడగడం, పిన్నిగారి గొంతు రికార్డు చేసి డేటాలో కలపడం. కంపెనీ డేటా బయటికి వెళ్లినట్టవుతుంది, ఉద్యోగానికే ముప్పు. పిన్నిగారి గొంతు దేనికి వాడతారో, వద్దనుకుంటే ఎలా తీయించుకోవాలో రాతపూర్వకంగా ఆమెకు ఎవరూ చెప్పలేదు. రెండోది, అక్కడే చదువుకుంటున్న మన పిల్లలకు ఆ పని ఇప్పించడం. అమెరికాలో ఎఫ్-1 వీసా మీద ఉన్న విద్యార్థి అనుమతి లేకుండా ఇంట్లో కూర్చుని లేబులింగ్ చేసి డబ్బు తీసుకున్నా అది ఉద్యోగమే, మొత్తం ఎంత చిన్నదైనా. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు కూడా స్పాన్సర్ చేసిన కంపెనీ పని తప్ప పక్కన ఇది చేయకూడదు.

వీసా కంపెనీ చేతిలో ఉన్నప్పుడు "ఇది తప్పు" అని మీటింగులో నిలబడి అనడం అందరివల్లా కాదు. పక్షపాతమన్న మాట ఎత్తగానే ఎదుటివాళ్లు తమ మీద నింద అనుకుంటారు కూడా. అంకెలతో, రాతలో, పని ట్రాక్ చేసే టికెట్‌లోనే పెట్టడం మేలు. 2018లో ఎమిలీ బెండర్, బత్యా ఫ్రీడ్‌మన్ ప్రతిపాదించిన డేటా స్టేట్‌మెంట్ ఇందుకు పనికొస్తుంది: ఏ రకపు భాష, మాట్లాడినవాళ్లు ఎవరు, లేబుల్ చేసినవాళ్లు ఎవరు అన్నవి అందులో విడివిడి గడులు. వాటిని ఉన్నదున్నట్టు నింపితే చాలు. "తెలుగు టెస్ట్ సెట్: 400 వాక్యాలు. లేబుల్ చేసినవారు: 1. ప్రాంతం: కోస్తా. తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర వక్తలు: లేరు. కులదూషణ వర్గం: లేదు. ఏకాభిప్రాయం: కొలవలేదు, రెండో మనిషి లేరు. విడుదలకు ముందు కావలసింది: ఎనిమిది మంది, 22 గంటలు." అని రాసి, విడుదలకు సంతకం పెట్టాల్సినవాళ్ల పేర్లు టికెట్‌లో చేర్చండి.