మూడు ఇటుకల పొయ్యి, పన్నెండు మంది మగాళ్లు

హోటల్ భోజనం ఎంత బాగున్నా నెల తిరిగేసరికి కడుపు మొరాయిస్తుంది. ఉద్యోగం మీద శ్రీకాకుళం వచ్చి ఒక్కణ్ణే గది తీసుకున్నాక నాకూ అదే అయింది. పొద్దున పూరీ, రాత్రి పరోటా, మధ్యలో గుండెమంటకి మాత్ర. మా ఆవిడ ఉద్యోగం, పిల్లల చదువు విజయనగరంలో. రోజూ రైలెక్కి రాకపోకలు నా డ్యూటీకి కుదిరే పని కాదు. ఇక వండుకోవడం తప్ప దారి లేదు. అప్పటికి నాకు వచ్చిన వంటల్లా టీ పెట్టడం, గుడ్డు ఉడకబెట్టడం.

నేర్పింది మా మావయ్య. రాజాం చుట్టుపక్కల పెళ్లిళ్లకీ, పెద్దకార్యాలకీ ఆయన వంట మేస్త్రి. మన వైపు ఇదో వింత. గాడిపొయ్యి పక్కన నిలబడి ఊరందరికీ వండిపెట్టేదీ మగాళ్లే, ఇంటికొచ్చి కూర్చున్న చోటికి మంచినీళ్లు తెమ్మనేదీ వాళ్లే. మావయ్య మాత్రం ఇంట్లో కూడా గరిటె పట్టేవాడు. వంట నేర్పమని ఫోన్ చేస్తే ఆయన కూరల జోలికే పోలేదు. "ముందు మంట సూడరా గుంటడా. మసాలా ఎక్కడికీ పోదు" అన్నాడు.

నాకు ప్రెజర్ కుక్కర్ కొననివ్వలేదు. గిన్నెలో అన్నం వార్చడం వస్తే ఎక్కడున్నా బతికేస్తావన్నాడు. బియ్యం కడిగి ఓ అరగంట నానబెట్టి, మరుగుతున్న ఎసట్లో పోసి, ఒకసారి అడుగునుంచి కలిపి వదిలేయాలి. పదే పదే గరిటె పెట్టకూడదు. మెతుకు తీసి వేళ్ల మధ్య నలిపితే పైనంతా మెత్తగా ఉండి, నడుమ సన్నటి పలుకు తగలాలి. వార్చాల్సింది అప్పుడే. పలుకు పోయేదాకా ఆగితే వార్చి మూత పెట్టిన తర్వాత ఆవిరికి ఇంకాస్త ఉడికి ముద్దవుతుంది. పాత బియ్యం నీళ్లు ఎక్కువ తాగుతాయి, కొత్తవి చప్పున మెత్తబడిపోతాయి. అందుకే కొత్త బస్తా విప్పిన రోజు పొయ్యి దగ్గరనుంచి కదలొద్దనేవాడు. నేను తెచ్చుకునేది శ్రీకాకుళం సన్నాలు. మన రాగోలు పరిశోధన కేంద్రం ఇచ్చిన రకమే. ఇక్కడి వాళ్లకి చెప్పక్కర్లేదు.

పప్పు సంగతి ఇంకా సులువు. కందిపప్పు పచ్చివాసన పోయేదాకా దోరగా వేయించి ఉడకబెట్టుకోవాలి. చింతపండు గానీ టమాటా గానీ పప్పు మెత్తబడ్డాకే పడాలి. పులుపు ముందే పడితే పప్పు ఎంతసేపు ఉడికినా గింజ గింజలాగే ఉంటుంది. ఆ తర్వాత కోడిగుడ్డు పులుసు, చారు, బెండకాయ వేపుడు వాటంతట అవే వచ్చేశాయి. ఇంటి వంటకి నాలుగు రకాలొస్తే వారం గడిచిపోతుంది. ఎనిమిది రకాల పొళ్లు కొని డబ్బాల్లో పెట్టుకునే మగాళ్లని చూశాను. రెండు నెలలకి అందులో ఆరింటికి పురుగు పడుతుంది.

అసలు పరీక్ష పిక్నిక్. కార్తీకంలో మా వాళ్లలో చాలామంది నీచు ముట్టరు. ఉసిరి చెట్టు కింద వనభోజనాలంటే పప్పు, గుమ్మడికాయ బెల్లం పులుసు, పనసపొట్టు కూర, ఆవకాయ ముక్క. అవి కుటుంబాలతో అయిపోతాయి. పోలిపాడ్యమి దాటిందంటే కోళ్లకి గండం మొదలు. అక్కణ్ణుంచి సంక్రాంతి లోపు ఆదివారాల్లో ఎక్కడ తోట కనిపిస్తే అక్కడ పొగ లేస్తుంది. మా ఆఫీసు వాళ్లం, పక్క వీధి బ్యాంకు మిత్రులం కలిసి పన్నెండు మందిమి అయ్యాం. క్యాటరింగ్ వద్దు, మనమే వండుదాం అన్నది నేను కాదు. కానీ ఆ మాట అనగానే అందరూ నా వైపే చూశారు.

మెనూ దగ్గరే సగం టెన్షన్. ఒకరు దమ్ బిర్యానీ అన్నారు, ఒకరు బొంగులో చికెన్ అన్నారు, ఇంకొకాయన ఫోన్ తీసి ఏదో కబాబ్ వీడియో చూపించాడు. నేను ఒప్పుకోలేదు. గాలి కొట్టే చోట కట్టెల పొయ్యి మీద దమ్ నిలవాలంటే కింద నిప్పు, మూత మీద నిప్పు రెండూ సరిసమానంగా ఉండాలి. అది మేస్త్రీల పని. బొంగులో చికెన్‌కి లేత పచ్చి వెదురు కావాలి, మేం వెళ్లేది సముద్రం ఒడ్డుకి. ఆరుబయట వండేటప్పుడు ఒక కూర ఘనంగా చేసి మిగిలినవి తేలిగ్గా కానివ్వాలి. చివరికి అన్నం, నాటుకోడి కూర, కాల్చిన వంకాయ పచ్చడి, నిప్పుల మీద ఎండుచేప, పెరుగు అని తేలింది. శాకాహారులు ఇద్దరికీ పప్పు నా గదిలోనే ఉడికించి డబ్బాలో పట్టుకెళ్లాం. అన్నీ అక్కడే వండాలన్న పంతం నాకు లేదు. వంట ఆలస్యమైతే ముందు ఎగిరిపోయేది సరదాయే.

కొలతలు మావయ్యవి. బియ్యం రెండు కిలోలు, చికెన్ తినే పది మందికీ కలిపి మూడు కిలోలు, ఉల్లిపాయలు కిలో. ఆరుబయట తినేవాడు ఇంట్లో కన్నా రెండు ముద్దలు ఎక్కువే తింటాడని ఆయన లెక్క. అల్లం వెల్లుల్లి నూరడం, ధనియాలు, గసగసాలు, ఎండుకొబ్బరి, లవంగాలు, చెక్క వేయించి పొడి కొట్టడం ముందు రాత్రే అయిపోవాలి. ఇసకలో కూర్చుని ఉల్లిపాయ తరిగితే కూరలో కరకర తప్పదు కాబట్టి అదీ ఇంట్లోనే. కోళ్లని తెల్లవారి కొట్టించి, తోలు మీద పసుపు రాసి కాల్పించి, ముక్కలు చేయించి, ఐస్ వేసిన థర్మోకోల్ పెట్టెలో పెట్టాం. విస్తర్లు సీతంపేట ఏజెన్సీ అడ్డాకువి. కాగితం ప్లేట్లలో నాటుకోడి పులుసు నిలవదు.

కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలిసే వైపు సరుగుడు తోటలున్నాయి. తోట యజమానిని ముందే అడిగాం. పొయ్యి ఎక్కడ పెట్టుకోవాలో ఆయనే చూపించాడు. సరుగుడు తోటలో పొయ్యి అంటే సరదా వ్యవహారం కాదు. రాలిన ఆకు నేలంతా దుప్పటి పరిచినట్టు ఉంటుంది, ఎండిందంటే ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకని చెట్లకి దూరంగా ఖాళీ జాగాలో, చుట్టూ నాలుగైదు అడుగుల మేర ఆకంతా ఊడ్చి కింద ఇసక కనిపించేలా చేశాం. పక్కన రెండు బకెట్ల నీళ్లు. ఏరు సముద్రంలో కలిసే చోట నీళ్లు ఉప్పన కాబట్టి వంటకీ తాగడానికీ క్యాన్లు మోసుకెళ్లాం.

పొయ్యికి ఇటుకలు ఇంటినుంచే తెచ్చాం. ఏటి రాళ్లు వాడొద్దని మావయ్య గట్టిగా చెప్పాడు. నీళ్లు పీల్చుకున్న రాయి వేడికి పగిలి పెచ్చులు ఎగురుతుంది. ఇసకలో ఇటుక నిలవదు, బరువు పడితే ఒక పక్కకి ఒరుగుతుంది. కాబట్టి ఒక్కో కాలికీ రెండు ఇటుకలు అడ్డంగా పూడ్చి, దానిమీద నిలువుగా ఇంకోటి పెట్టాం. ఖాళీ డేక్సా పెట్టి, అందులో నీళ్ల క్యాను దించి, అటూ ఇటూ ఊపి చూశాకే కట్టె ముట్టించాం. డేక్సా అడుగుకీ చుట్టూకీ బూడిద, మట్టి కలిపిన జావ పూత పూశాను. మా వాళ్లు నవ్వారు. సాయంత్రం గిన్నెలు తోమిన వాళ్లు మాత్రం నవ్వలేదు, మసి ఆ పూతతో పాటే ఊడిపోయింది.

పొద్దున గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది. పొయ్యి నోరు ఆ గాలికి ఎదురుగా పెడితే మంట తనంతట తను అందుకుంది. కొబ్బరి పీచు, ఎండు చితుకులు, వాటిమీద సన్నటి సరుగుడు కట్టె, అది రగిలాక లావు కట్టె. సరుగుడు నిప్పు గట్టిది, ఎక్కువసేపు నిలుస్తుంది. మా బ్యాచ్‌లో ఒకాయనకి పొయ్యి ఎగదోయడం మహా సరదా. అటు వెళ్తూ ఓ కట్టె, ఇటు వస్తూ ఓ కట్టె. మర్యాదగా ఆయన్ని నంజుకునే ఉల్లిపాయలు, నిమ్మకాయలు కోసే పనికి మార్చి, పొయ్యిని ఒక్కరికే అప్పజెప్పాం. నలుగురి చేతులు పడితే మంట ఎవరి మాటా వినదు.

డేక్సా కాగాక నూనె పోసి ఉల్లిపాయలు ఎర్రగా వేయించాం. ఇక్కడ తొందర పనికిరాదు. ఉల్లి పచ్చిగా ఉంటే కూరంతా తియ్యగా తేలిపోతుంది. తర్వాత అల్లం వెల్లుల్లి, పసుపు, ముక్కలు, ఉప్పు. మూత పెడితే కోడి తనలోని నీళ్లు తనే వదులుతుంది. మొదట చప్పుడు బుడబుడ, నీళ్లు ఇంకుతున్నకొద్దీ చిటపట. ఆ చిటపట వినగానే కట్టెలన్నీ బయటికి లాగేసి, ఉత్తి నిప్పు మీద కారం, ధనియాల పొడి వేసి కలిపాం. పెద్ద మంట మీద కారం పడితే మాడి చేదెక్కుతుంది, తోటంతా దగ్గుతుంది. ముక్క చుట్టూ నూనె తేలాక మళ్లీ కట్టెలు తోసి, పక్క పొయ్యి మీద కాగుతున్న వేణ్ణీళ్లు పోశాం. చన్నీళ్లు పోస్తే ముక్క బిగుసుకుంటుందని మావయ్య నమ్మకం. అక్కణ్ణుంచి గంట పైగా సన్నటి సెగ మీదే. బాయిలర్ కోడిలా ఇరవై నిమిషాల్లో తేలే వ్యవహారం కాదు. ఎముక దగ్గర మాంసం వదులుతోందో లేదో చూసి, గసగసాలు, కొబ్బరి, మసాలా పొడి ఆఖరున కలిపి దించాం.

ఇంతలో పదకొండు దాటేసరికి గాలి తిరిగింది. సముద్రం నుంచి కొట్టడం మొదలెట్టి పొగంతా వండేవాడి మొహానికే వచ్చింది, మంట డేక్సా కింద నిలవకుండా బయటికి పాకింది. ఆ వైపు ఇటుకలు వరసగా పేర్చి, పైన తడి గోనెసంచి కట్టి అడ్డం పెట్టాం. అన్నం పొయ్యికి మొదటినుంచీ ఆ వైపు మూసే ఉంచాం కాబట్టి దానికి ఇబ్బంది రాలేదు.

అందరికీ భయం వేసిన పని అన్నం వార్చడం. రెండు కిలోల బియ్యం, పైన మరిగే నీళ్లు, కింద జారే ఇసక. డేక్సాని పట్టుకెళ్లి వంచే పని పెట్టుకోలేదు. వెదురు సిబ్బితట్టని ఇంకో పెద్ద గిన్నె మీద పెట్టి, డేక్సాలోంచి మగ్గుతో అన్నం తీసి అందులో పోశాం. గంజి కింద దిగింది, అన్నం తిరిగి డేక్సాలో పడింది, మూత వేసి నిప్పు పక్కన మగ్గింది. గంజిలో ఉప్పు, మజ్జిగ, తరిగిన ఉల్లిపాయ కలిపితే భోజనం ముందే గ్లాసులు ఖాళీ. సూప్ అడిగిన ఆయన కూడా రెండోసారి పట్టించుకున్నాడు.

వంకాయ గురించి మాత్రం కాస్త ఎక్కువే చెప్తాను. ఎందుకంటే ఆ రోజు నాటుకోడి కన్నా దానికే పేరొచ్చింది. లావు వంకాయలకి నువ్వుల నూనె రాసి, కత్తితో రెండు మూడు గాట్లు పెట్టి, మంట మీద కాకుండా నిప్పుల పక్కన ఆనించాం. గాటు లేకపోతే లోపలి ఆవిరికి పేలుతుంది. ఒక పక్క తోలు నల్లగా ముడతలు పడగానే తిప్పాలి. కాయ మొత్తం కూలబడి, తొడిమ దగ్గర నొక్కితే వేలు దిగాలి. ఆ పక్కనే పచ్చిమిరపకాయలు కాల్చుకున్నాం. తోలు వలిచేటప్పుడు నీళ్లలో ముంచితే పొగ రుచి పోతుంది, చేతులు తడుపుకుంటూ వలవాలి. అందులో చింతపండు గుజ్జు, ఉప్పు, చిటికెడు బెల్లం, పచ్చి ఉల్లిపాయ, వేయించిన నువ్వుల పొడి వేసి చేత్తోనే పిసికాం. వేడన్నంలో దానికి సాటి లేదు. ఎండుచేప దగ్గర వంట ఏమీ లేదు. నిప్పుల మీద రెండు వైపులా కాల్చి, దులిపి, ఉల్లిపాయతో నంజుకోవడమే.

తిన్నాక ఇసక కప్పేసి వెళ్లిపోదామన్నారు కొందరు. ఇసక కింద నిప్పు గంటల తరబడి బతికే ఉంటుంది, పైకి చల్లగా కనిపిస్తుంది. తెల్లారి చెప్పుల్లేకుండా నడిచే పిల్లల కాళ్లు బొబ్బలెక్కుతాయి. నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ పోసి, చెయ్యి దగ్గర పెడితే వేడి తగలనంత వరకు ఆగాం. ఇటుకలు చల్లారాక సంచిలో వేసుకున్నాం. సీసాలు, కవర్లు మావీ, మా ముందు వచ్చిన వాళ్లవీ కలిపి రెండు గోనెలు నిండాయి.

చీకటి పడ్డాక ఎవరి డేక్సా వాళ్లకి చేర్చి, మావయ్యకి ఫోన్ చేశాను. కూర బాగా కుదిరిందని మొదలెట్టబోతుంటే ఆపాడు.

"అన్నం ఎంత మిగిలింది?"

"రెండు గరిటెలు."

"అయితే లెక్క సరిపోయింది. ఇప్పుడు సెప్పు, కోడి సంగతేటి?"